జానెడు పట్టుగుడ్డ

హిందూపురంలో టీచరుగా చేరిన మొదటి ఏడాది నాకు ఆరో తరగతి ఇచ్చారు. శనివారం ఆఖరి పీరియడ్‌లో పిల్లలకు కథల పుస్తకం చదివి వినిపించాలని హెడ్మాస్టరు గారి ఆజ్ఞ. లైబ్రరీ బీరువా తెరవగానే పైవరసలో కనిపించింది ఆ పుస్తకం. అట్ట మీద ఏనుగు, ఏనుగు పక్కన పరికిణీ కట్టుకున్న పిల్ల. తలుపు వేసేద్దామనుకున్నాను గానీ, వెంట వచ్చిన పిల్లలు "అదే టీచర్, ఏనుగు పుస్తకం" అని పట్టుబట్టారు.

వారానికో ప్రకరణం చదువుతూ వచ్చాను. పదోది అయిన తరువాతి శనివారం పన్నెండోది మొదలుపెట్టాను. ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. మొదటి బెంచీలో, జడకు రిబ్బను కూడా నిలవని ఒక పిల్ల లేచి, "టీచర్, పదకొండు ఇడిసిపెట్టినారు" అంది. పేజీలు అంటుకుపోయాయని చెప్పాను. "ఈడకు ఇయ్యండి టీచర్, నేను ఇడదీస్తా" అంది. నోరు మూసుకుని కూర్చోమని కసిరాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. ఆ కసురు నిజానికి నాకు పడాల్సింది.

నాకు పదకొండేళ్ళప్పుడు, యాభైల నడుమ, నాయన నన్ను ధర్మవరం నుంచి పెనుకొండలో మేనత్త ఇంటికి పంపాడు. మామకు రైల్వేలో పని. వాళ్ళకు పిల్లలు లేరు. మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టే పిల్లకు చదువెక్కడ వస్తుందని అత్తే అడిగి పిలిపించుకుంది. అత్త నన్ను బాగానే చూసుకుంది. ఊరే చేర్చుకోలేదు.

పెనుకొండ పిల్లలకు వాళ్ళ ఊరంటే మహా గీర. కొండ వాళ్ళది, కోట వాళ్ళది, గగన్ మహల్ వాళ్ళ తాతలు కట్టించినట్టే మాట్లాడేవాళ్ళు. నన్ను మాత్రం "ధర్మవరం పిల్ల" అనేవాళ్ళు. నెలలు గడిచినా పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. తిట్టింది లేదు, కొట్టింది లేదు. తొక్కుడుబిళ్ళ ఆటలో నా వంతు వచ్చేసరికి మాత్రం ఏదో ఒకటి చెప్పి ఆట ముగించేవాళ్ళు.

అక్కడే తెలుగు టీచరమ్మ ఆ పుస్తకం చదివి వినిపించింది. హంపీ పాడుబడ్డాక రాజుగారి పరివారం ఏనుగుల మీద పెనుకొండకు తరలివచ్చే కథ అది. ఒక మావటివాడి కూతురు తండ్రి వెంట వస్తుంది. ఊళ్ళో పిల్లలు ఆమెను దగ్గరికి రానివ్వరు. వింటుంటే అది నా కథే అనిపించేది. క్లాసంతా ఆ మావటి పిల్ల కోసం కళ్ళు తుడుచుకునేది. గంట కొట్టగానే నన్ను వదిలేసి ఆటకు పరిగెత్తేది.

పదకొండో ప్రకరణంలో ఒక ముసలి నేతగాడు వస్తాడు. రాణిగారి చీర కోసి పంపించాక, మగ్గం మీద మిగిలిన జానెడు గుడ్డను కత్తిరించి ఆ పిల్ల చేతిలో పెడతాడు. ఇది నీ దగ్గరుంటే నువ్వు ఈ ఊరిదానివే అంటాడు. మరునాటి నుంచి ఊరంతా ఆమెను తమ పిల్లగా చూసుకుంటారు.

ఆ పుస్తకం రాసినాయనకు మగ్గం తెలియదు. చీర కోసినా ఆ చివరి జానెడు నేతను ఎవరూ కోయరు. దువ్వెన పళ్ళలాంటి అచ్చులో వేల పోగులు సందుకొకటిగా దూర్చి ఉంటాయి. అవి జారిపోకుండా ముందువైపు పట్టుకుని ఉండేది ఆ గుడ్డే. కొత్త పడుగు, అంటే నిలువు పోగుల కట్ట, వచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అచ్చు అతకడం అంటారు దాన్ని. ఆ తరువాత మెల్లగా లాగితే పాతవాటి వెంట కొత్తవి అచ్చులోకి వచ్చేస్తాయి. మా తాత దూర్చిన పోగుల వరస నాయన కాలంలోనూ అట్లాగే తెగకుండా నడుస్తూ ఉండేది. ఇదంతా మా వీధిలో నడక వచ్చిన ప్రతి పిల్లకూ తెలుసు. నాకూ తెలుసు.

మా ఇంట్లో అతికే పని అవ్వది, అంటే నాయనను కన్నతల్లిది. వేళ్ళకు విబూది అద్దుకుని, రెండు కొసలు కలిపి ఒక్క మెలి తిప్పితే అవి పట్టుకుపోయేవి. కళ్ళకు పొరలు వచ్చాయి గానీ ఆ పనికి ఆమెకు కళ్ళు అక్కర్లేదు. వీధిలో ఎవరింట్లో పడుగు ఎక్కించాలన్నా అవ్వ కోసం మనిషి వచ్చేవాడు. పోయిన చోటల్లా ముందు అవ్వకు కాఫీ, ఆ తరువాతే పని. కాఫీ వేడిగా లేకపోతే మళ్ళీ కాచి తెమ్మనేది.

ఆ ప్రకరణం ముగిసిన రోజు, కోటగోడకు ఆనుకుని ఇల్లున్న ఒక పిల్ల లేచి, పుస్తకంలో చెప్పిన గోడ మా పెరటి గోడే అని చెప్పింది. ఇంకో పిల్ల కథలోని బావి మాదే అంది. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి, "ఆ నేతాయన మా వంశమే. ఆ గుడ్డ మా అవ్వ కాడ ఉండాది" అన్నాను. క్లాసంతా నా వైపు తిరిగింది. టీచరమ్మ పుస్తకం మూసి నా దగ్గరికి వచ్చి, "దసరాకు ఊరికి పోతావు కదా, తీసుకురా, మేమూ చూస్తాం" అంది. ఆ సాయంత్రం తొక్కుడుబిళ్ళలో మొదటి వంతు నాకిచ్చారు.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. అప్పుడే ఒక చీర కోసి, అచ్చును పాత పంచెలో చుట్టి గోడ మేకుకు తగిలించారు. కొత్త పడుగు కోసం నాయన సావుకారు ఇంటికి పోయాడు. అమ్మ నీళ్ళకు పోయింది. అవ్వ చాప మీద కునుకు తీస్తోంది. మూట దించి, అవ్వ కత్తెరతో ఆ జానెడు గుడ్డ కోసేశాను. ఎర్ర పట్టు, పచ్చ అంచు, అంచులో జరీ గీత. పోగులు కదలలేదు. ఏమీ కాలేదు కదా అని నాకు నేనే చెప్పుకుని, మళ్ళీ చుట్టి మేకుకు తగిలించాను. కత్తెరను అవ్వ విబూది గిన్నె పక్కన పెట్టాను. అది ఎప్పుడూ ఉండే చోటు అదే కాబట్టి అక్కడ పెట్టాను. ఎవరూ అడగకపోయినా ఈ సంజాయిషీ మాత్రం ఇన్నేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాను.

మరునాడు పొద్దున నాయన మూట విప్పి అచ్చును పైకెత్తాడు. పోగులన్నీ ఒక్కసారిగా జారి అతని కాళ్ళ మీద పడ్డాయి. నాయన చేతిలో ఖాళీ అచ్చు మిగిలింది.

"అమ్మా, దీనికి కత్తెర పెడితివా?" అన్నాడు అవ్వతో.

"లేదే, నేనెందుకు పెడతానప్పా" అంది అవ్వ. చేయి చాపి పోగుల కొసలు తడిమింది. కత్తెర కోత ఆమె వేళ్ళకు తెలిసింది. గొంతు తగ్గించి, "పెట్టింటానేమో నాయనా. కొసలు సరిచేస్తా చేస్తా దానికీ పెట్టింటా. కండ్లు కనపడకపోయె" అంది.

నాయన అరవలేదు. అరిచి ఉంటే నేను భయపడి నిజం చెప్పేదాన్నేమో. "పోనీలేమ్మా. ఇంగ నువ్వు అతకొద్దు. పక్కింటామెను పిలుచుకుంటాం" అన్నాడు మెత్తగా. ఆ మాట వీధికంతా పాకడానికి ఒక్క పూట పట్టింది. మరెవ్వరి ఇంటి నుంచీ అవ్వకు పిలుపు రాలేదు.

వేల పోగులు మళ్ళీ దూర్చాలి. నాయన ఒకవైపు, రెండోవైపు నుంచి ఒక్కో పోగు అందించడానికి నేను. సెలవులన్నీ దానికే సరిపోయాయి. గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ, "పాప ఎంత ఓపిగ్గా అందిస్తాండాదో చూడప్పా" అని మెచ్చుకుంది. ఆ మెప్పు విన్నాను, తల వంచుకున్నాను, ఇంకో పోగు అందించాను. చెప్పాలనుకుంటే నోటికి అడ్డమేమీ లేదు. నా పెట్టెలో పుస్తకాల కింద ఉన్న ఆ గుడ్డను వదులుకోవడం నాకిష్టం లేదు.

పెనుకొండకు వచ్చాక దాన్ని పాతదిగా చేయడానికి నానా తంటాలు పడ్డాను. చింతపండు నీళ్ళలో నానబెడితే జరీ ఇంకా మెరిసింది. చివరికి కాఫీ డికాక్షన్‌లో ముంచి, మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెడితే రంగు చచ్చింది. టీచరమ్మ రెండు చేతులా అందుకుంది. అద్దాల బీరువాలో పెట్టి, కింద "రాణివాసపు చీర ముక్క" అని చీటీ అంటించింది. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలిచారు. కోటగోడ పిల్ల తన పక్కన చోటిచ్చింది. ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కానీ పడ్డాను. ఆ కొన్ని నెలలూ అవ్వ గుర్తుకే రాలేదు.

ధర్మవరంలో ఏ పనీ లేక అవ్వ కూర్చున్నచోటే కూర్చుంటోందని, అత్త ఆమెను కొన్నాళ్ళు పెనుకొండకు తెచ్చుకుంది. అప్పుడే మా బడి వార్షికోత్సవం. అవ్వను తేవద్దంటే ఎందుకంటారని అడ్డు చెప్పలేదు. అత్త అవ్వను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. టీచరమ్మ ఎదురొచ్చి, బీరువా తెరిచి, "మీ ఇంటి సొత్తు, మీ చేతులతో పట్టుకోండమ్మా" అని గుడ్డ తీసి అవ్వ చేతిలో పెట్టింది.

అవ్వ వేళ్ళు గుడ్డ మీద మెల్లగా నడిచాయి. అంచు దగ్గర ఒకచోట ఆగాయి. రెండు పోగులు ఒకే సందులో పడి జంటగా నడిచే గీత అది. మా అచ్చులో ఎప్పటి నుంచో ఉన్న తప్పు. ఎన్ని చీరలు నేసినా ఆ గీత వచ్చేది, అవ్వ దాన్ని తాత గుర్తు అనేది. వేలు ఆ గీత మీదుగా పోయి కత్తెర కోత దగ్గర నిలిచింది. క్లాసు పిల్లలందరూ చుట్టూ ఉన్నారు.

"ఇది ఆ కాలందేనా అమ్మా?" అని అడిగింది టీచరమ్మ.

"అవునమ్మా, మాదే. మా మగ్గం మీదిదే" అంది అవ్వ. "శానా పాతది."

ఇంటికి పోయేదారిలో అత్త కూరగాయలకు ఆగింది. అవ్వా నేనూ పక్కన నిలబడ్డాం. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. అవ్వ తన రెండు చేతులూ ముందుకు చాచి, వేళ్ళు ముడిచి తెరిచి చూసుకుంది.

"నేనే కోసినాననుకుంటి పాపా. అట్లయితే నా చేతులు బాగానే ఉండాయి" అంది. ఆమె మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. చేతులు దించి, "మీ నాయనకు నువ్వే చెప్పు. నేను చెప్పనులే" అంది.

చెప్పలేదు. ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు చెబుదామనుకున్నాను. నాయన అలసిపోయి ఉన్నాడని ఒకసారి, చుట్టాలున్నారని ఒకసారి, పరీక్షలు ముందున్నాయని ఒకసారి వాయిదా వేశాను. నేను ఇంటికి పోయిన ప్రతిసారీ అవ్వ నా అడుగుల చప్పుడు విని తల ఎత్తేది. నేను నాయనతో ఏం మాట్లాడతానో చెవులు రిక్కించి వినేది. ఆ తరువాత తల దించుకునేది. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు. నేను ట్రైనింగులో ఉండగా పోయింది. అంత్యక్రియలకు వెళ్ళాను. అప్పుడూ చెప్పలేదు.

హిందూపురంలో ఆ రిబ్బను పిల్లను కసిరిన మరునాడు ఆదివారం. పొద్దున బండికే ధర్మవరం పోయాను. నాయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. పుస్తకం, కోత, డికాక్షన్, బీరువా, బజారులో అవ్వ అన్నమాట. నాయన నేత ఆపి విన్నాడు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు.

"నీకు అప్పుడు పదకొండేండ్లు" అన్నాడు చివరికి. అది క్షమించడమనుకుని నాకు ఏడుపు వచ్చింది.

నాయన నన్ను చూడటం లేదు. గోడకున్న మేకు వైపు చూస్తున్నాడు.

"పోయే ముందు ఏడాది అడిగింది మా యమ్మ" అన్నాడు. "ఒక్క అచ్చు అతుకుతా నాయనా, నా చేతులు బాగుండాయి, ఒక్కటి ఇచ్చి చూడు అనె. నీకెందుకమ్మా, గమ్మున కూచో అంటి."