రాజు పక్షానికి నేను పెట్టిన సున్నా

1968. శ్రీకాకుళంలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో హిస్టరీ చెప్పేవాణ్ణి. ప్రైవేటుగా బి.ఏ. కట్టేవాళ్ళకి ఆదివారం క్లాసులు. కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బియ్యం కొట్టు మీద రెండు గదులు, ఒక బోర్డు. మా వృత్తికి ఆయుధాలు రెండే. ఒకటి గెస్ పేపరు, అంటే ఈసారి ఏ ప్రశ్నలు వస్తాయో మేం వేసే అంచనా. రెండోది ఛాయిస్, అంటే ఏ పాఠాలు వదిలేసినా పాసవ్వచ్చో చెప్పడం. చదివించడం కంటే వదిలేయించడంలోనే నాకు పేరెక్కువ. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ పేరు నెత్తికెక్కి కూర్చుంది.

సింహాచలం గారు నౌపడ దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. నలభై దాటిన మనిషి. మిగతా పేపర్లన్నీ గట్టెక్కి, హిస్టరీ ఒక్కటే రెండుసార్లు తప్పారు. డిగ్రీ చేతికొస్తే హైస్కూలుకి వెళ్ళే దారి పడుతుంది. ఇదే ఆఖరిసారి కట్టడం అని ఇంట్లో మాటిచ్చి వచ్చారు. పొద్దున్నే రైలు, ఆపైన బస్సు పట్టుకుని వచ్చి ముందు బెంచీలో కూర్చునేవారు.

అమెరికా స్వాతంత్ర్యానికి నా నోట్సు ఒకటిన్నర పేజీ. బ్రిటిష్ పార్లమెంటులో తమ ప్రతినిధి ఒక్కడూ లేకుండా వేసిన స్టాంపుల పన్ను, టీ మీద పన్ను, తిరుగుబాటు, యుద్ధం, విజయం. "వలసల ప్రజలందరూ ఏకకంఠంతో స్వాతంత్ర్యం కోరారు" అన్నది నా సొంత వాక్యం. అందరిచేతా కింద గీత కూడా గీయించాను.

సింహాచలం గారు లేచి నిలబడ్డారు. "అందరూ ఒక్క మాట మీదున్నారంటే నమ్మబుద్ధి కావట్నేదు మాస్టారూ. ఇంగ్లండు నుంచి ఏరు పడొద్దన్నోలు ఒక్కరూ నేరా? ఆలేటి సెప్పినారు?"

"ఉన్నారు. వాళ్ళని ఛాయిస్‌లో వదిలేయండి," అన్నాను. క్లాసు నవ్వింది.

ఆయన మాత్రం వదల్లేదు. టౌను లైబ్రరీలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివారట. అసలు పరీక్షకి ముందు మేం పెట్టే మోడల్ పరీక్షలో ఆ ప్రశ్నకి నాలుగు పేజీలు రాశారు. రాజు పక్షాన నిలబడ్డవాళ్ళ వాదనంతా అందులో ఉంది. ఫ్రెంచివాళ్ళ నుంచి మనల్ని కాపాడిన యుద్ధం ఖర్చులో మన వాటా మనం ఇవ్వొద్దా, పన్ను తప్పయితే పన్ను మీద దెబ్బలాడాలి గానీ సంబంధమే తెంచుకుంటామా, రేపు మనలో మనకి తగువొస్తే తీర్చేదెవరు అని. బ్రిటిష్ పార్లమెంటులోనే వలసల తరఫున మాట్లాడినవాళ్ళ సంగతీ రాశారు. చివర, ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకుని కెనడాకి ఓడలెక్కిన కుటుంబాల గురించి ఒక పేజీ.

నాకు ఒళ్ళు మండింది. నేను వద్దన్నది రాయడమా అని. నాలుగు పేజీలూ ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, సున్నా పెట్టి, క్లాసులో పైకి చదివాను. "సింహాచలం గారు ఇంగ్లండు రాజుగారి దగ్గర దివాను ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నారు," అన్నాను. ఆయన కొడుకుల వయసు వాళ్ళు పడీ పడీ నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చారు. "మా నాన్న పోయాక అన్నదమ్ములం ఏరు పడ్డాం మాస్టారూ. నేనొక్కణ్ణే ఒద్దన్నాను. పంచాయితీలో నన్ను మాటాడనివ్వనేదు. ఇప్పుడు మా అన్న ఎదురుపడితే మొకం తిప్పీసుకుంతాడు. అందుకే ఆ ఒద్దన్నోల గోడేటో సూద్దామనిపించింది," అన్నారు.

"పరీక్షకి ఇవేవీ పనికిరావు. నా నోట్సు బట్టీ పట్టండి," అన్నాను. సరేనని తలూపి బస్సుకి వెళ్ళిపోయారు.

అసలు పరీక్షలో ఇలా అడిగారు: స్వాతంత్ర్యం విషయమై అమెరికా వలసలలోని భిన్నాభిప్రాయాలను చర్చించుము. నా గెస్ గంగలో కలిసింది. అయినా పేపరు చూడగానే సింహాచలం గారు గుర్తొచ్చి ప్రాణం కుదుటపడింది. మా వాళ్ళలో ఆయనొక్కరైనా దులిపేసి ఉంటారనుకున్నాను.

ఫలితాల్లో ఆయన నంబరు లేదు. ఉండబట్టలేక నౌపడ రైలెక్కాను. బడి వరండాలో స్టూలు వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు.

"ఆ ప్రశ్న వచ్చింది కదండీ. రాయలేదా?" అని అడిగాను.

"రాసినాను మాస్టారూ. అందరూ ఏకకంఠంతో కోరారని రాసినాను."

"అదేమిటండీ? మీకు తెలుసు కదా."

"తెల్సు. గానీ మీరు తప్పన్నారు గదా. మీకన్నా నాకు ఎక్కువ తెలుస్తాదేటి అనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నాకు కాస్త తేలికయ్యేది. మళ్ళీ కట్టండి, ఈసారి నేనే వచ్చి చెబుతానన్నాను. "ఇంకొద్దు బాబూ, ఆశ తీరిపోనాది," అన్నారు. లోపల పిల్లలు గోల చేస్తుంటే ఎక్కాలు చెప్పించడానికి లేచారు.

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. క్లాసులో ఎవరు ఎంత అడ్డు ప్రశ్న వేసినా కూర్చోమనలేదు. అయినా లెక్క సరిపోదు. తెలియనిది నేర్పలేని మాస్టారు చేతకానివాడు, అంతే. ఆ మనిషికి తెలిసినదాన్ని కూడా తప్పని నమ్మించాను నేను. దానికి నా దగ్గర ఏ సంజాయిషీ లేదు.