నస్పూర్ అంగడిలో సరోజక్క తట్ట

నిన్న సాయంత్రం కరీంనగర్‌లో మా గల్లీ చివర ఎవరో గడ్డి మంట మీద డప్పు కాచారు. ఆ వాసన తగిలితే చాలు, నా కాళ్లు నిలవవు. పొయ్యి మీద పాలు వదిలేసి బయటికి ఉరికాను. పాలు పొంగితే పొంగనీ, నాకు సరోజక్క గుర్తొచ్చింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. నస్పూర్ బొగ్గుబాయి క్వార్టర్లలో పెరిగిన మనిషి. పాట లేకుండా, మాట లేకుండా, ఒంటి కదలికలతోనే కథ చెప్పేది. కాలేజీ రోజుల్లో ఆమె ఆటకు డప్పు కొట్టింది నేనే.

ఆటంటే ఏమీ లేదు. నెత్తి మీద రాళ్ల తట్టతో నడుస్తుంది, పడుతుంది, రాళ్లేరుకొని మళ్లీ లేస్తుంది. "గిదేం ఆటనే అక్కా, ఎవలు చూస్తరు?" అన్నాను మొదట్లో. "గీ క్వార్టర్లు కట్టేటప్పుడు మా అవ్వ రాజవ్వ చేసింది గిదే. అప్పుడు ఎవ్వలు చూడలే. ఇప్పుడు చూస్తరు," అంది.

అంగట్లో ఆడాలంటే పెద్దమనిషి కనకయ్య ఒప్పుకోవాలి. ఆయన మొహం చిట్లించాడు. "ఆడిమనిషి నడి అంగట్ల పడుడు లేసుడేంది? సరే, ఒక్కసారి ఆడుకో. జనం నవ్విన్రంటే మల్ల గీ దిక్కు రావద్దు." నేను ఆట మానేద్దామన్నాను. అక్క మాత్రం పెళ్లికి పోతున్నట్టు తయారైంది.

ఆదివారం అంగడి కిటకిటలాడుతోంది. రెండోసారి పడి లేచేసరికి అక్క జుట్టు విడిపోయింది, ఒళ్లంతా వణుకుతోంది. నేను దరువు పెంచాను. వంకాయల కుప్ప దగ్గర కూర్చున్న మల్లవ్వ లేచి నిలబడి, "అమ్మవారు వచ్చింది, శిగమూగుతుంది," అంది. ఇంకేముంది! ఒకామె అక్క కాళ్ల మీద నీళ్లు పోసింది, ఇంకొకామె నుదుటికి పసుపు పూసింది. "మా పోరనికి దుబాయ్ వీసా వస్తదా తల్లీ?" అని ఒక ముసలాయన ముందుకొచ్చాడు. నవ్వాపుకోలేక నా చేతిలో పుల్ల జారింది. అంతలో కనకయ్య చెప్పులిడిచి వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "తప్పయింది తల్లీ."

గెలిచాం అనుకున్నాను. అక్క ఒక్కసారి తలూపితే చాలు, ఈ అంగడి ఎప్పటికీ మాదే. ఆమె తట్ట దించి, చెయ్యెత్తి నా డప్పు ఆపింది.

"లే బాపు. నేను దేవిని గాదు. రాజవ్వ బిడ్డను, సరోజను. బరువుకు ఒళ్లు వణుకుతుంది, గంతే."

కనకయ్య మొహం కందగడ్డలా అయింది. ఆట పోయె, అంగడి పోయె అని నేను డప్పు సంచిలో పెట్టబోయాను. ఆయన తట్ట వంక చూసి, "గంత బరువున్నదా?" అన్నాడు.

"ఎత్తి చూడు."

ఎత్తాడు. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఆడవాళ్లు పకపకా నవ్వారు. మల్లవ్వ కొంగు చుట్టి నెత్తిన పెట్టుకొని, "నాకియ్యి," అంది. ఆ తట్టతో అంగడి చుట్టూ తిరిగి వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక ఇంకొకామె. ఒక్కొక్కరి నెత్తికీ తట్ట ఎత్తింది కనకయ్యే. నేను చేతులు బొబ్బలెక్కేదాకా వాయించాను. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు, ఒట్టు. పొయ్యేటప్పుడు కనకయ్య, "వచ్చే వారం గూడ రాండ్రి," అన్నాడు.

దారిలో అడిగాను. "దేవివనుకుంటే అనుకోనియ్యక ఎందుకు చెప్పినవ్? ఏం పోతుండెనే అక్కా?"

"దండం పెట్టి పోతుండిరి. తట్ట నా నెత్తి మీదనే ఉంటుండె," అంది.

అక్క పోయాక ఆ ఆట నేనే ఆడుతున్నాను. మొన్న ఎండాకాలం చొప్పదండిలో ఒక పెద్దాయన కళ్లనీళ్లతో నా కాళ్లకు వంగాడు. అబద్ధమెందుకు, క్షణంపాటు తియ్యగానే అనిపించింది. భుజం పట్టి లేపి, "జర తట్ట అందుకో బాపు," అన్నాను.

అందుకున్నాడు.