వెయ్యిన్నూటపదహార్ల కౌంటరు

కత్తి లేకుండా, విషం లేకుండా, కేవలం ఒక విజిటర్ కౌంటరుతో సొంత అక్క మొగుడి ప్రాణం మీదికి తెచ్చిన ఘనుడు నెల్లూరు తీరం మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. వాడే ఈ ముక్కలు రాస్తున్నాడు. నవ్వుకోండి, నేనేమీ అనుకోను. మా పాళెంలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వాక పక్కకు తిరిగి ఓసారి ఉమ్ముతారు కూడా.

మాది తడకు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న జాలర్ల పాళెం. అప్పట్లో నేను తడలో వెబ్‌సైట్లు చెయ్యడం నేర్చుకుని, వల పట్టడం రానివాడికి ఉండాల్సిన పొగరంతా సంపాదించుకుని ఇంటికొచ్చాను. ఆ వారంలోనే మా బావ పోలయ్య చిన్న పడవలో ఒంటరిగా వేటకెళ్ళి తిరిగి రాలేదు. గాలి తిరిగింది. ఫోను పలకలేదు. మిగతా పడవలన్నీ ఒడ్డుకు చేరాయి. మా అక్క మంగమ్మ అన్నం మానేసి ఇసకలో కూర్చుంది.

పాళెం పెద్ద ఏడుకొండలు మామ, "రేపు తెల్లారి నాలుగు పడవలు దక్షిణంగా పంపిద్దాం" అన్నాడు. నాలుగు పడవలంటే నాలుగిళ్ళలో ఆరోజు వేట లేనట్టే. అయినా ఎవరూ కాదనలేదు. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"ఈ కాలంలో పడవలతో వెతికేదేంది మామా? నేను పేజీ పెడతా. లోకమంతా వెతుకుతాది."

పెట్టాను. బావ ఫోటో, పడవ రంగు, నా ఫోను నంబరు. కింద, ఎందరు చూశారో చెప్పే కౌంటరు. దాన్ని సింగారించడానికి పట్టిన సమయం బావ ఫోటో వెతకడానికి పట్టలేదు. నల్ల పలక మీద ఎర్ర అంకెలు, మనిషి పెరిగినప్పుడల్లా గిర్రున తిరిగేలా. అంతా అయ్యాక చూస్తే సున్నా. శుభమా అని పేజీ తెరుస్తూ సున్నాతో మొదలుపెడతామా? పెళ్ళి చదివింపులకైనా నూటపదహార్లు రాస్తాం కదా. అందుకని వెయ్యిన్నూటపదహారుతో మొదలుపెట్టాను. తప్పిపోయిన మనిషికి చదివింపులు రాసినవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

లింకు పాళెం గ్రూపులో వేశాను. మామ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏందిరా, అప్పుడే వెయ్యి మందా?"

"వెయ్యిన్నూటపదహారు మామా."

"ఎవురు వీళ్ళంతా?"

"జనం మామా. లోకం."

నిజం చెప్పడానికి అదే ఆఖరి అవకాశం. నేను మీసం దువ్వుకున్నాను.

రాత్రికి పదిహేనువందలు దాటింది. "ఇంతమంది కండ్లు వెతకతా వుంటే మన నాలుగు పడవలెంత? ఎవురో ఒకరు కబురు చేస్తార్లే" అని మామ పడవల్ని ఆపేశాడు. తెల్లారి వాళ్ళంతా వేటకెళ్ళారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, అట్లా వెతికేవాడు లేడు, వెతుకులాట లేదు, లెక్క మాత్రం పదిహేనువందలు.

ఆ రోజే మధ్యాహ్నం అక్కకు అన్నం తీసుకెళ్ళాను. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కుడి బొటనవేలు వాచింది.

"ఏందక్కా ఆ వేలు?"

"నొక్కతా వుండాను రా. నేను నొక్కినప్పుడల్లా ఒకరొస్తా వుండారు. రాత్రి కాసేపు కునుకు పట్టింది, ఆ కాసేపూ ఒక్కరూ రాలేదు. నేను ఆపితే వాళ్ళూ ఆపేస్తారు గదరా."

ఫోను తీసుకుని పేజీ మళ్ళీ తెరిచాను. ఒకరు పెరిగారు. మళ్ళీ తెరిచాను. ఇంకొకరు. ఒకే మనిషి వందసార్లు చూస్తే వందమందిగా లెక్కేసే కౌంటరది. నేను రంగులు చూశాను గాని ఆ సెట్టింగు చూడలేదు. మొదటి వెయ్యిన్నూటపదహారు నావి, మిగతావి దాదాపు అన్నీ అక్కవి. బావ కోసం ఇంత లోకంలో వెతుకుతున్నది ఒక్క బొటనవేలు. భయంతో, సిగ్గుతో అక్కడే ఏడ్చాను. అక్కకు ఎందుకో చెప్పలేదు.

మామ దగ్గరికి పరుగెత్తాను.

"అంటే బయటోళ్ళు ఎవురూ చూళ్ళేదా?"

"మనమే చూసినాం మామా."

"మరి ఆ మొదటి వెయ్యి?"

"శుభానికి పెట్టినా మామా."

ఆయన కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "వాడి ప్రాణంలో ఒక రోజు తినేసినావురా" అని, అప్పుడే ఒడ్డుకొచ్చిన పడవల్ని చేపలైనా దించనివ్వకుండా తిప్పించాడు. సముద్రం పడని నన్నూ ఎక్కించాడు. దారంతా కక్కుకున్నాను, ఎవరూ పలకరించలేదు.

తెల్లవారుతుండగా, తమిళం వాళ్ళ రేవుకు ఇవతల బావ పడవ కనిపించింది. ఇంజను చచ్చి, దానికదే తేలుతోంది. బావ అడుగున పడి ఉన్నాడు. పెదాలు పగిలి, కళ్ళు ఎటో చూస్తున్నాయి. చచ్చిపోయాడనే అనుకున్నాను. బావ నోట్లో మామ నీళ్ళు పోస్తే, చాలాసేపటికి గొంతు కదిలింది.

ఇంటి ముందు నులక మంచం మీద పడుకోబెట్టాం. పాళెమంతా మూగింది. అక్కకు నిజం ఎవరూ చెప్పలేదు. ఆమె వాచిన వేలితో ఫోను చూపించి, "చూడయ్యా, నిన్ను ఎంతమంది చూసినారో" అంది.

నీళ్ళ మీద అన్నాళ్ళూ మనిషి మొహమే చూడని బావ, ఆ ఎర్ర అంకెల్ని తేరిపార చూశాడు. తర్వాత నావైపు తిరిగి, పీలగొంతుతో అడిగాడు.

"ఇంతమంది నన్ను చూడను వచ్చినారే, ఒక్కడన్నా చెంబెడు నీళ్ళు తేలేదేందిరా?"

పాళెమంతా గొల్లున నవ్వింది. నేను ఆ పేజీ తీసేసి, సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ కౌంటరు పెట్టను. ఎవరైనా తప్పిపోతే, ముందు బిందెడు నీళ్ళతో పడవెక్కుతాను.