ఆమె విస్తరి ముందు నేను

బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నానని ప్రొద్దుటూరులో బయటివాళ్లెవరికీ చెప్పలేదు. మొదట్లో తగ్గాను గానీ, తర్వాత నెలల తరబడి మిషన్ మీద ముల్లు కదల్లేదు. ఇక చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది.

అప్పుడే జమ్మలమడుగులో ఉండే మా దూరపు చుట్టం పద్మక్క, వాళ్లమ్మ సంవత్సరీకానికి పిలిచింది. వాళ్లమ్మ ముత్తైదువగా పోయింది కాబట్టి, ఆమెకు బదులు ఒక ముత్తైదువకు భోజనం పెట్టాలి. నాకు కొత్త చీర కట్టించి, ఆమె ఫొటో ఎదురుగా కూర్చోబెట్టారు.

"విస్తరిలో ఏమీ మిగల్చాకు, మాయమ్మకు చేరదు" అంది పద్మక్క.

డాక్టరు తీపి వద్దన్నా, మొహమాటంతో ఓళిగలు తిన్నాను. కాసేపటికే చల్లటి చెమటలు పట్టాయి. గుండె దడదడలాడింది, కళ్లు తేలిపోయాయి.

"అమ్మొచ్చింది!" అని ఎవరో అరిచారు. పద్మక్క నా కాళ్లు పట్టుకుంది. "ఏం కావల్లమ్మా నీకు?"

"చాలు పాపా, ఇంక పెట్టొద్దు" అన్నాను.

పద్మక్క బావురుమంది. "పాపా అంటివా అమ్మా! నువ్వు పోయినాక నన్నట్ల పిలిచేటోళ్లే లేరు!"

ఆపరేషన్ తర్వాత తీపి తింటే అలాగే అవుతుందని డాక్టరు తేల్చేశారు. చెమటలకూ దడకూ ఆ కారణం సరిపోయింది. కానీ పద్మక్క నాకన్నా పదేళ్లు పెద్దది. నేనెప్పుడూ ఆమెను అక్కా అనే పిలిచాను.