బాబాయి ఇంటి ఫైర్‌వాల్

ఆ రోజుల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాడంటే మా వైపు ఆర్‌ఎంపీ డాక్టరుకున్నంత గిరాకీ. రోగమేదో తెలియకపోయినా ధైర్యంగా చెయ్యి వేస్తే చాలు. జగ్గయ్యపేటలో ఓ కోర్సు చేసి (సగం రోజులు కరెంటే లేదు) నేనూ ఆ హోదా సంపాదించాను. అందుకే నందిగామలో వకీలుగా ఉన్న మా బాబాయి ఇంట్లోకి కంప్యూటర్ కొనగానే, దానికి ఏ యాంటీవైరస్ వేయాలో తేల్చమని నాకు కబురు పెట్టాడు.

"ఒకటేస్తే చాలు బాబాయ్."

"ఒక్కటా? అది పట్టుకోలేని వైరస్ వస్తే ఎవరు బాధ్యులు?" అని కోర్టులో నిలదీసినట్టు నిలదీసి, షాపువాడిచ్చిందీ, పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన సీడీలోదీ రెండూ వేయించాడు. నేను ఊరుకుంటానా? "ఫైర్‌వాల్ కూడా పెడతా. ఏది బయటికెళ్లాలన్నా నిన్నడిగే వదులుద్ది" అని నా తెలివి జోడించాను.

కాసేపటికే మొదటి యాంటీవైరస్ రెండోదాన్ని వైరస్ అంది. రెండోది మొదటిదాన్ని అంది. "చూశావా, అప్పుడే దొరికింది!" అని బాబాయి మురిసిపోయాడు. ఇక ఫైర్‌వాల్ దేన్ని వదలనా అని అడిగినా కళ్లజోడు సవరించుకుని, "వీడెవడు? బయట వీడికేం పని? ఆపు!" అనేవాడు. అలా ఇంటర్నెట్ తెరిచే ప్రోగ్రాం కూడా ఆగిపోయింది.

అసలు చిక్కు బాబాయి కూతురికి, అంటే మా అక్కకి. హైదరాబాదులో ఇంటర్వ్యూకెళ్లొచ్చి, వాళ్ల మెయిల్ కోసం ఎదురుచూస్తోంది.

"నాన్నా, ఆ ఇంటర్నెట్ దాన్నొక్కదాన్ని వదులు."

"ఊరూ పేరూ లేనివాటిని ఇంట్లోకి ఎట్టా రానిస్తానమ్మా?"

బాబాయి కోర్టుకెళ్లినప్పుడు నేను సరిచేయబోతే తెర నీలంగా మారి ఊరుకుంది. అక్క నావైపు ఒక చూపు చూసి, చెప్పులేసుకుని బస్టాండు పక్కనున్న నెట్ సెంటరుకి నడిచింది. వెనకాలే నేను. అక్కడి కంప్యూటరుకి ఏ రక్షణా లేదు. లాటరీ తగిలిందనీ, పెళ్లి సంబంధాలున్నాయనీ తెర మీద బొమ్మలు ఎగిరిపడుతున్నాయి. వాటి మధ్యలోంచే మెయిల్ ఠక్కున తెరుచుకుంది. ఉద్యోగం వచ్చింది! చేరతావో లేదో ఆ సాయంత్రంలోగా చెప్పమన్నారు. అక్క చేరతానని జవాబు కొట్టి, అప్పుడు ఏడ్చింది.

కోర్టు నుంచి వచ్చిన బాబాయికి సంగతి చెప్పామో లేదో, స్వీటు పెట్టె పట్టుకుని పక్కింటికెళ్లాడు. "కంప్యూటర్ కొన్న వేళావిశేషం అండీ! ఇంతవరకూ ఒక్క వైరస్ కూడా లోపలికి రాలేదు."

"మెయిలే రానియ్యలేదు, వైరస్ ఎట్టా వస్తది నాన్నా?" అంది గుమ్మంలోంచి అక్క. పిన్ని కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి మాత్రం అది మెచ్చుకోలు అనే అనుకున్నాడు.

తర్వాత నేనూ ఉద్యోగంలో చేరి, కంప్యూటర్ల గురించి నిజంగానే కొంత నేర్చుకున్నాను. విచిత్రమేమిటంటే, అప్పట్నుంచి చుట్టాలు నన్ను సలహా అడగడం మానేశారు. (ఏది అడిగినా "చూసి చెప్తా" అంటానట.) ఏమీ తెలియని రోజుల్లోనే నయం, పెసరట్లు వేసిపెట్టి మరీ అడిగేవాళ్లు.