బకెట్ నిండేదాకా మాట్లాడనిచ్చిన అత్త

మా రైల్వే కాలనీ అత్త పోయిన మంగళవారం చనిపోయింది. వ్యాపార్ విహార్ గోదాముల దగ్గర వీపు మీద బస్తా ఉండగా నాకీ కబురు తెలిసింది. బస్తా దించి కూర్చున్నాను. "పని చూడు" అన్నాడు లెక్కలు రాసే మునీం. చూడలేదు.

ఆమె రైలు గార్డు భార్య. మా క్వార్టర్ల లైనులో అందరికీ అత్తే. ఆమె దగ్గరొక టేపు రికార్డరు ఉండేది. వినాయక చవితి తొమ్మిది రోజులూ పొద్దున్నే దాన్ని పట్టుకుని వీధి కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఎవరైనా వచ్చి అందులో మాట్లాడవచ్చు. షరతు ఒకటే: కుళాయి కింద బకెట్ నిండేలోగా ముగించాలి. సాయంత్రం నాలుగింటికి ఆ మాటలన్నీ పందిట్లో మైకులో వచ్చేవి. ఒక్క ముక్క తీసేసేది కాదు. తను చేసిన పులిహోరలో ఉప్పు లేదని ఒక ముసలమ్మ అన్నదాన్ని కూడా కాలనీ అంతా వినేలా వేసి, తానే పడీపడీ నవ్వింది. నీళ్లు సన్నగా వచ్చిన రోజు బకెట్ నిండేదే కాదు. ఆ రోజు నీళ్ల గురించే అందరూ తీరిగ్గా తిట్టేవాళ్లు.

"రాసి గోడకి అంటించొచ్చు కదత్తా?" అని ఒకసారి అడిగాను.

"ఎవులు సదువుతారు? నీకు తెలుగు సదవడం వచ్చేటి?"

రాదు. పుట్టింది ఈ హిందీ ఊళ్లోనే, చదివింది హిందీలో, అదీ ఐదో తరగతితో సరి. ఆ ఉక్రోషంతోనే తర్వాత అక్షరాలు నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ వాటితోనే రాస్తున్నాను.

ఒక చవితికి నేనూ మాట్లాడాను. మా గోదాములో బస్తాలు కూలి నా జతగాడి కాలు విరిగింది. గోదాము యజమాని సేఠ్ వాణ్ని ఆసుపత్రికి పంపకుండా రిక్షా ఎక్కించి లాల్‌ఖదాన్‌లో వాడి ఇంటి ముందు దింపించాడు. మర్నాడే వాడి చోట ఇంకొకణ్ని పెట్టుకున్నాడు. అదే చెప్పాను, సేఠ్ పేరుతో సహా. బకెట్ సగం కూడా నిండలేదు.

కుళాయి దగ్గర విన్నవాళ్లు చెప్పేశారు. మధ్యాహ్నానికల్లా పందిరి కమిటీ పెద్దాయన అత్త గుమ్మంలో ఉన్నాడు, నేనూ అక్కడే ఉన్నాను.

"ఏటమ్మా ఇది? పందిరికి టార్పాలిన్ ఇచ్చింది ఆ సేఠే. దాని కింద కూకొని ఆయన్నే తిట్టిస్తావా? తుడిచీ."

"మాట ఆడిది. ఆడినే అడుగుతాను" అని అత్త నా వైపు తిరిగింది. "ఏట్రా, ఉంచనా, తుడవనా? పని పోతాది. ఆలోచించుకో."

ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్నే. అయినా "ఉంచు" అన్నాను.

"అచ్ఛా. అయితే టార్పాలిన్ ఇప్పీండి బాబూ. ఆయనది ఆయనకిచ్చీండి."

విప్పించింది. వినాయకుడికి మాత్రం తన బొగ్గుల కొట్టు మీది రేకు తెచ్చి కప్పించింది.

మర్నాడు నా పని పోయింది. కొన్నాళ్లకి ఇంకో గోదాము దొరికింది. అది కాదు నేను చెప్పదలచుకున్నది.

ఆ సాయంత్రం నాలుగింటికి వాన పట్టుకుంది. మైకులో నా గొంతు మొదలైంది. ఒక్కరూ లేవలేదు. పెద్దాయన కూడా తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడి విన్నాడు. అత్త దగ్గర ఒకటే గొడుగు. దాన్ని టేపు రికార్డరు మీద పట్టి, తను వానలో నిలబడింది. ముడి ఊడి, జుట్టులోంచి నీళ్లు మొహం మీదికి కారుతున్నాయి. నా మాట అయ్యేదాకా ఆ చెయ్యి కదలలేదు.