బంపర్ లేని కారులో గోల్‌బర్న్ దాకా

ఉదయం తొమ్మిదీ పదిహేనుకి, లేక్ జార్జ్ పక్కన హైవే మీద, మిరపకాయలు వేగుతున్న వాసన వచ్చింది. మా కారుకి పైకప్పు లేదు. ఇంజన్ నుంచి ఏ వాసన వచ్చినా నేరుగా ముక్కులోకే కొడుతుంది. మా ఆయన వంశీకి దగ్గు వచ్చింది. "ఎవరో పొలంలో ఏదో తగలబెడుతున్నట్టున్నారు," అన్నాడు. ఆ వాసన ఎక్కడిదో నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచేలోపే వంశీ యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీశాడు. ఇంజన్ జోరు తగ్గలేదు.

తర్వాత ఏమైందో చెప్పేముందు, అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి.

మేం ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని హారిసన్ అనే పేటలో ఉంటాం. వంశీ వారంలో ఐదు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, రెండు రోజులు గరాజ్‌లో కారు కింద పడుకుంటాడు. మూడేళ్ల క్రితం యాస్ అనే ఊరి దగ్గర ఒక పొలం షెడ్డులో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న పాత కారు ఒకటి అతని కంట పడింది. ముప్పైల నాటిది, నాలుగు తలుపులది. ట్రైలర్ మీద వేసి ఇంటికి తెచ్చాడు. అప్పటి నుంచి నా కారు వీధిలోనే ఉంటోంది. చలికాలం పొద్దున్నే అద్దం మీద మంచు గీకేది నేనే.

"బాగు చేసి అమ్ముతావా?" అని అడిగాను.

"అమ్మడమేంటి? హాట్ రాడ్ చేస్తా," అన్నాడు.

యాభైల్లో ఇక్కడి కుర్రాళ్లు ఇలాంటి పాత కార్లు చవగ్గా కొని, బంపర్లు, ఇంజన్ పక్క రేకులు పీకేసి, పెద్ద ఇంజన్ బిగించి తోలేవారట, వాటినే హాట్ రాడ్ అంటారు. వంశీ కూడా అచ్చం అలాగే, ఆ కాలపు సామానుతోనే చేశాడు. వెల్డింగ్ నేర్చుకున్నాడు. కొత్త రకం బోల్టు ఒక్కటి వాడినా దొంగతనం చేసినంత బాధపడేవాడు. సీటు బెల్టులకీ, వెనక సీట్లో చైల్డ్ సీట్లు బిగించే కొక్కేలకీ మాత్రమే మినహాయింపు. ఇంజనీరు వచ్చి అన్నీ చూసి సంతకం పెట్టాడు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది.

నాకు ఆ సంతకం సరిపోలేదు. మా ఆద్యకి ఏడేళ్లు, నీల్‌కి నాలుగు. "ముందు నేను ఒక్కదాన్నే నీతో దూరం వస్తాను. దారిలో ఏ చిన్న తేడా వచ్చినా పిల్లలు ఈ బండి ఎక్కరు," అన్నాను. వంశీ సరే అన్నాడు. ఆద్య మాత్రం "దట్స్ నాట్ ఫెయిర్, అమ్మా," అని గరాజ్ మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. మూడేళ్లుగా వాళ్ల నాన్నకి స్పానర్లు అందించింది అదే మరి.

గోల్‌బర్న్‌లో ఒక పార్కులో పాత కార్ల ప్రదర్శన ఉందని తెలిసింది. మా ఇంటికి తొంభై కిలోమీటర్లు, గంటంబావు ప్రయాణం. అదే పరీక్ష అనుకున్నాం. వంశీకి తెలియకుండా నేను ఇంకో పని కూడా చేశాను. మధ్యాహ్నం గోల్‌బర్న్ నుంచి కాన్‌బెర్రాకి వచ్చే రైలుకి నాకొక టికెట్ కొని ఫోన్‌లో దాచుకున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి పూజ చేశాం. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, డ్రైవ్‌వే మీద కొబ్బరికాయ కొట్టాం. వంశీ స్నానానికి వెళ్లాక, దిష్టి తగలకుండా నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ కడదామని ముందుకి వెళ్లాను. మామూలుగా బంపర్‌కి కడతాం. దీనికి బంపర్ లేదు. దీపాలకి కడితే మెరుగు పోతుందని వంశీ గోల పెడతాడు. చూస్తే, ఇంజన్ పక్క రేకు లేని చోట, లోపల వేలంత కడ్డీ ఒకటి బయటికి పొడుచుకుని కనిపించింది. దండ కట్టడానికే పెట్టినట్టుంది. రెండు ముళ్లు వేశాను.

ఎదురింటి సుజాత ఆంటీకి పిల్లల్ని అప్పగించి ఎనిమిదీ నలభైకి బయలుదేరాం. "మెల్లగా తోలు నాయనా, అమ్మాయి ఇప్పటికే పాలిపోయి ఉంది," అన్నారు ఆంటీ. హైవే ఎక్కేదాకా రెండు చేతులతో తలుపు పట్టుకునే కూర్చున్నాను. పక్క కార్లలో వాళ్లు చేతులు ఊపుతుంటే నాకూ కొంచెం నవ్వొచ్చింది. కుడివైపు లేక్ జార్జ్ మొదలయ్యేసరికి తలుపు వదిలి ఫ్లాస్క్ తీశాను. సరస్సులో నీళ్లు తక్కువ, గడ్డి ఎక్కువ. అవతలి గట్టు మీద గాలిమరలు తిరుగుతున్నాయి. మిరపకాయల వాసన వచ్చింది అక్కడే.

వంశీ కంగారు పడలేదు. క్లచ్ తొక్కాడు. ఇంజన్ అరిచింది. తాళం తిప్పి ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. కారు అలాగే జారుతూ వెళ్లి రోడ్డు పక్కన ఆగింది. ఇదంతా పది సెకన్లు కూడా ఉండదు. ఫ్లాస్క్‌లో కాఫీ మొత్తం నా ఒళ్లోనే ఉంది.

మా వెనక ఒక లేతనీలం పాత ట్రక్కు వచ్చి ఆగింది. డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ దిగింది, పేరు మార్జ్. ఆవిడా ఆ ప్రదర్శనకే వెళుతోంది.

"యూ రైట్, లవ్?" అని నా క్షేమం అడిగి, జవాబు కోసం ఆగకుండా ఇంజన్‌లోకి వంగింది. జేబులోంచి పటకారు తీసి ఏదో లాగింది. నల్లగా మాడిన మిరపకాయ, దాని వెనకే దారం, సగం ఉడికిన నిమ్మకాయ.

"ఇదేంటి, వంట చేసుకుంటూ వస్తున్నారా?" అంది.

వంశీ నా వైపు తిరిగాడు. "స్వాతీ, ఎవరు కట్టారిది?"

"నేనే. బంపర్ లేదు కదా, ఇంకెక్కడ కట్టను?"

"అది యాక్సిలరేటర్ కడ్డీయే తల్లీ."

గాలికి దండ వెనక్కి పోయి, ఒక మిరపకాయ ఆ కడ్డీ సందులో ఇరుక్కుంది. కాలు తీసినా కడ్డీ వెనక్కి రాలేదు. దిష్టి సంగతి మార్జ్‌కి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "ఈసారి నంబర్ ప్లేట్‌కి కట్టు, లవ్. అది కదలదు," అంది. తర్వాత వంశీ మీద పడింది. "పక్క రేకులు ఎందుకు పీకావు?"

"అందంగా ఉంటుందని."

"అయితే బయలుదేరేముందు ఆ అందం ఓసారి చూసుకోవాలిగా."

వంశీ తల గోక్కున్నాడు. ఆవిడ కడ్డీని పదిసార్లు లాగి వదిలింది. పదిసార్లూ టక్కున వెనక్కి వచ్చింది. "పని శుభ్రంగా చేశాడు మీ ఆయన," అని ట్రక్కు ఎక్కింది.

పదిన్నరకి గోల్‌బర్న్ చేరాం. పార్కులో డెబ్బై, ఎనభై కార్లుంటాయి. మాంసం తిననివాళ్లకి అక్కడ బ్రెడ్డు మధ్య పెట్టిచ్చే వేపుడు ఉల్లిపాయలు తప్ప ఏమీ దొరకదు. వెళ్లేవాళ్లు పులిహోర కట్టుకెళ్లండి, నేను అదే చేశాను. మా కారు చుట్టూ జనం చేరారు. ఎవరో పెద్దాయన "దారిలో ఏమైనా ఇబ్బంది పెట్టిందా?" అని అడిగాడు.

"కొంచెం. నేను సరిగ్గా చెక్ చేసుకోలేదు," అన్నాడు వంశీ. నా పేరు ఎత్తలేదు.

చెట్టు కింద పులిహోర తింటున్నప్పుడు తనే అన్నాడు. "మాట మాటే. తేడా వచ్చింది. పిల్లలు ఎక్కరు. ఆద్యకి నేను చెబుతాలే." కోపంగా అనలేదు. అందుకే నేను తినడం ఆపి డబ్బా మూత పెట్టేశాను.

రెండింటికి ఫోన్ మోగింది. రైలు టైము గుర్తు చేస్తూ మెసేజ్. వంశీ చూశాడు.

"టికెట్ కొన్నావా? ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది."

ఆ రోజంతటిలో అప్పుడే గట్టిగా నవ్వాడు. "నువ్వు మారవు. పద, స్టేషన్ దగ్గర దింపుతా."

"వద్దు," అన్నాను. "ఇంటిదాకా వెనక సీట్లో కూర్చుంటా."

రెండున్నరకి తిరుగు ప్రయాణం. వెనక సీట్లో కుడివైపు కొంతసేపు, దారిలో కాలెక్టర్ అనే ఊళ్లో ఆగాక ఎడమవైపు కొంతసేపు కూర్చున్నాను. బెల్టు లాగి చూశాను. కొక్కేల మీద బరువంతా వేసి ఊపాను. "నన్ను డ్రైవర్ అనుకుంటున్నారు అందరూ," అని ముందు నుంచి అరిచాడు వంశీ. "జీతం పెంచమని అడగకు," అని నేనూ అరిచాను. గాలి హోరులో మాటలు సగమే వినబడతాయి, చలి మాత్రం మొత్తం తగులుతుంది. వెళ్లేవాళ్లకి ఉన్ని టోపీ, మందపాటి జాకెట్ తప్పనిసరి. సాయంత్రపు ఎండలో సరస్సు గడ్డి బంగారు రంగులో ఉంది. గొర్రెలు తలెత్తి చూశాయి. మామూలు కారులో ఇదే దారిన ఇరవైసార్లు వెళ్లి ఉంటాను. గొర్రెలు నన్ను చూడటం ఇదే మొదటిసారి. నాలుగుంబావుకి ఇల్లు చేరాం. ఆద్యకి రేపు నేనే చెబుతానని వంశీని ఆపాను.

ఆదివారం పొద్దున దోసెలు వేస్తూ పిల్లలిద్దర్నీ పిలిచాను. దారిలో జరిగినదంతా చెప్పాను. తప్పు కారుది కాదని, నాన్నది కాదని, దండ కట్టింది నేనేనని చెప్పాను.

ఆద్య వెంటనే అడిగింది. "సో, కెన్ వి గో?"

"వచ్చే శనివారం. ఐస్‌క్రీమ్ షాపుదాకా."

"ఆర్ యూ స్టిల్ స్కేర్డ్?"

"చాలా. భయపడుతూనే పక్కన కూర్చుంటా. నువ్వు మాత్రం జడ గట్టిగా వేయించుకో, వెనక గాలి బాగా కొడుతుంది," అన్నాను.